బయర్లీ టర్క్ వరస స్టాలియన్ కొనే ముందు మేర్లను లెక్కపెట్టండి

షాద్‌నగర్ దగ్గర ముప్ఫై ఎకరాల ఫామ్, ఎనిమిది బ్రూడ్‌మేర్లు (పిల్లల కోసం పెంచే ఆడ గుర్రాలు), స్టాలియన్ కోసం పక్కన పెట్టిన కోటిన్నర. బయర్లీ టర్క్ సైర్ లైన్ (మగ వరస) ప్రపంచమంతటా అడుగంటిపోతోంది కాబట్టి ఆ వరసలో ఒక మగ గుర్రాన్ని యూరప్ నుంచి తెప్పిస్తే లైనూ నిలుస్తుంది, మన మేర్లకు కొత్త రక్తమూ దొరుకుతుంది కదా అని మీరు అడిగారు.

సూటిగా చెప్తాను. ఎనిమిది మేర్లతో ఏ లైనూ నిలవదు. కొత్త రక్తం సంగతి లైన్ పేరు చూసి తేల్చేది కాదు. ఆ కోటిన్నరలో స్టాలియన్ మీద పెట్టాల్సింది సగం కూడా కాదు.

ముందు లైన్ అంటే ఏమిటో చూద్దాం. పెడిగ్రీ కాగితంలో పై అంచున తండ్రి, తాత, ముత్తాత అని నడిచే ఒక్క గీత అది. నాలుగో తరంలో పదహారు పేర్లుంటాయి, సైర్ లైన్ అందులో ఒకటి. ఆ గీత వెంట తప్పకుండా దిగేది వై క్రోమోజోమ్ ఒక్కటే. గుండె సైజు, కండ, ఊపిరి, ఎముక ఇవన్నీ మిగతా క్రోమోజోముల్లో ఉంటాయి, అవి తరతరానికీ చీట్ల పేకలా కలిసిపోతాయి. పది తరాల కిందటి ఒక పూర్వీకుడి వాటా సగటున 1,024లో ఒక వంతు. బయర్లీ టర్క్ 1680ల నాటి గుర్రం. అంటే మీరు కొనబోయే స్టాలియన్‌లో ఆ వరస నుంచి నేరుగా వచ్చింది ఆ వై క్రోమోజోమ్, దాంతోపాటు ఒక కథ. మరో పక్క, బయర్లీ టర్క్ మిగతా రక్తం ఆడ గుర్రాల ద్వారా ఇవాళ మలక్‌పేట రేస్‌కోర్సులో పరిగెత్తే ప్రతి గుర్రంలోనూ ఉంది. పోతున్నది రక్తం కాదు, గీత.

ఆ గీతలు ఎలా పోతాయో తెలిస్తే కొనుగోలు తెలివిగా చేయొచ్చు. థరోబ్రెడ్లకు, అంటే రేసు గుర్రాల జాతికి, మూడు మూల గుర్రాలు: బయర్లీ టర్క్, 1704లో ఇంగ్లండ్ చేరిన డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. వాటి మగ వరసలు వరసగా హెరోడ్ (1758), ఎక్లిప్స్ (1764), మాచెమ్ (1748) ద్వారా దిగాయి. ఇవాళ మగ థరోబ్రెడ్లలో నూటికి 95 దాకా డార్లీ అరేబియన్ వరసే. కానీ 1780ల్లో ఎవరైనా పందెం కాసి ఉంటే హెరోడ్ మీదే కాసేవారు. హెరోడ్, దాని కొడుకు హైఫ్లయర్ ఛాంపియన్ సైర్ (ఆ ఏడాది పిల్లలు అందరికన్నా ఎక్కువ గెలుచుకున్న తండ్రి గుర్రం) పట్టాన్ని ఏళ్ల తరబడి వదల్లేదు. పద్దెనిమిది రేసుల్లో ఓటమి ఎరగని ఎక్లిప్స్ ఒక్క ఏడాది కూడా ఛాంపియన్ సైర్ కాలేదు. లైన్ బలం అనేది గుర్రంలో దాగి ఉండే గుణం అనుకునేవాళ్లకు ఈ ఒక్క ముక్క చాలు.

సెయింట్ సైమన్ కథ ఇంకా ఘాటు. 1881లో పుట్టిన ఈ గుర్రం తొమ్మిదిసార్లు ఛాంపియన్ సైర్. దాని కొడుకులు, కూతుళ్లు ఇంగ్లండ్ స్టడ్‌లు (పెంపకం ఫామ్‌లు) నిండా పరుచుకున్నారు. ఫలితం? ఆ కొడుకులకు ఇవ్వడానికి సంబంధం లేని మేర్లు మిగల్లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఇంగ్లండ్‌లో ఆ మగ వరస చతికిలపడింది. తర్వాత నిలబెట్టింది ఇటలీ నుంచి వచ్చిన రిబో, పదహారు రేసులు పరిగెత్తి పదహారూ గెలిచిన గుర్రం. సొంత ఊళ్లో పోయి పరాయి ఊళ్లో బతకడం సైర్ లైన్లకు మామూలే. అక్కడి మేర్లలో ఆ రక్తం పేరుకుపోయి ఉండదు కాబట్టి.

రెండో చావు కత్తితో. 1974 నుంచి 1976 దాకా వరసగా మూడేళ్లు అమెరికాలో హార్స్ ఆఫ్ ది ఇయర్ అయిన ఫోరెగో, హైపీరియన్ మగ వరసలోది. తండ్రి ఫోర్లీ, తాత అరిస్టోఫనీస్, ముత్తాత హైపీరియన్. కానీ అది జెల్డింగ్. విత్తులు కొట్టించిన రోజే ఆ కొమ్మ తెగిపోయింది. అదే ఫోర్లీకి మరో కొడుకు థాచ్, దాని కొడుకు థాచింగ్, దాని కొడుకు టిరోల్. 1990లో న్యూమార్కెట్‌లో, ఐర్లండ్‌లో రెండు చోట్లా 2000 గినీస్ రేసు గెలిచిన ఆ టిరోల్ చివరికి మన దేశానికే స్టాలియన్‌గా వచ్చింది. అరుదైన లైన్ గుర్రం ఇండియాకు రావడం కొత్త కాదని చెప్పడానికే ఈ మాట.

మూడోది, కొడుకులు రాణించక కూతుళ్లు రాణించడం. మీరు అడిగిన బయర్లీ టర్క్ వరసకే జపాన్‌లో ఇది జరిగింది. మెజీరో మెక్వీన్ అదే వరసలో గొప్ప గుర్రం. మగ వరసలో దాని కొడుకులెవరూ నిలబడలేదు. దాని కూతుళ్లకు మాత్రం ఓర్ఫేవ్రే, గోల్డ్ షిప్ పుట్టాయి. గీత పోయింది, రక్తం రాజ్యమేలుతోంది. అదే దేశంలో సింబోలి రుడాల్ఫ్, దాని కొడుకు టోకై టెయో వరస కోసం అభిమానులు చందాలు వేసుకుని టోకై టెయో కొడుకు క్వైట్ ఫైన్‌ను స్టాలియన్‌గా నిలబెట్టారు. అభిమానం మెచ్చుకోదగ్గదే. వ్యాపారం అనుకుని మాత్రం అలాంటి పనికి దిగకండి.

ఒక్క కొడుకుతో లైన్ బతికిన సందర్భాలూ ఉన్నాయి. దుబాయ్ మిలీనియం 2001లో మొదటి సీజన్‌లోనే జబ్బు చేసి పోయింది. మిగిల్చింది ఒక్క క్రాప్ (ఒక ఏడాది పిల్లలు), 56 ఫోల్స్. అందులోంచి దుబావి వచ్చింది, ఇవాళ దాని కొడుకులు యూరప్ అంతా స్టాలియన్లు. అయితే ఆ 56 పిల్లల తల్లులు ప్రపంచంలోనే మేటి మేర్లు. మీ ఎనిమిది మేర్లకు ఆరేడు ఫోల్స్ పుడితే మగవి మూడు. వాటిలో ఒకటి ట్రాక్ దాకా రాదు, ఒకదాన్ని ట్రైనర్ జెల్డ్ చేయించమంటాడు. మిగిలిన ఒక్కటి గ్రేడెడ్ (పై స్థాయి) రేసు గెలవాలి, ఆపైన ఇతర ఫామ్‌లవాళ్లు తమ మేర్లను దానికి పంపాలి. ఈ చివరి మెట్టు దగ్గరే లైన్లు చస్తాయి. గుర్రం లేక కాదు, దానికి మేర్లు ఇచ్చేవాళ్లు లేక.

ఇక కొత్త రక్తం. పై గీత అరుదైనదైతే గుర్రం అవుట్‌క్రాస్ (మేర్లతో దగ్గర చుట్టరికం లేనిది) అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. డ్రీమ్ అహెడ్‌ను చూడండి. గొడాల్ఫిన్ అరేబియన్ వరస: వార్నింగ్ కొడుకు డిక్టాట్, దాని కొడుకు డ్రీమ్ అహెడ్. ఇవాళ దాదాపు ప్రతి పెడిగ్రీలోనూ ఉండే నార్తర్న్ డాన్సర్ కాగితం పై అంచున ఎక్కడా కనపడదు. కానీ డిక్టాట్ తల్లి ఆర్వోలా, శాడ్లర్స్ వెల్స్ కూతురు. అంటే నార్తర్న్ డాన్సర్ నాలుగో తరంలో కూర్చునే ఉంది. ఇంకా తమాషా ఏమిటంటే, హేలో అనే మరో స్టాలియన్, నార్తర్న్ డాన్సర్ వేర్వేరు లైన్లవని అంతా రాసుకుంటారు. వాటి తల్లులు కాస్మా, నతాల్మా ఇద్దరూ ఆల్‌మహ్మూద్ కూతుళ్లే.

కాబట్టి చేయాల్సింది ఇది. ఎనిమిది మేర్లకూ ఐదు తరాల పెడిగ్రీ తీసి ఒక పెద్ద కాగితం మీద పరవండి. నార్తర్న్ డాన్సర్, డాన్‌హిల్, మిస్టర్ ప్రాస్పెక్టర్, రాబర్టో ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక్కోదానికి ఒక్కో రంగు పెట్టండి. మన మేర్ల పెడిగ్రీలో రజీన్ అనే స్టాలియన్ కనిపిస్తే అది నార్తర్న్ డాన్సర్ సొంత కొడుకు. ప్లేసర్‌విల్ మిస్టర్ ప్రాస్పెక్టర్ కొడుకు. చైనా విజిట్ అంటే రెడ్ రాన్సమ్ ద్వారా రాబర్టో. తర్వాత చూస్తున్న స్టాలియన్ పెడిగ్రీని పక్కన పెట్టి, పుట్టబోయే ఫోల్‌కు లెక్క వేయండి. ఒకే పూర్వీకుడు రెండు పక్కలా రెండో తరంలో ఒకసారి, మూడో తరంలో ఒకసారి వస్తే ఇన్‌బ్రీడింగ్ 6.25 శాతం. మూడు-మూడు అయితే 3.125. మూడు-నాలుగు 1.56, నాలుగు-నాలుగు 0.78. పూర్వీకుడు తానే ఇన్‌బ్రెడ్ అయితే కాస్త పెరుగుతుంది. పలుచోట్ల వచ్చే పేర్లన్నిటికీ వేసి కూడండి. మొత్తం 3 శాతం లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు, 6 దాటితే ఆ జోడీ వద్దు. ఈ లెక్కలో డార్లీ అరేబియన్ వరస గుర్రమే మీ మేర్లకు అసలైన అవుట్‌క్రాస్‌గా తేలినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

లెక్క కుదిరాక ఎవరిని కొనాలి? పేరు మోసిన గుర్రం కన్నా, ఉన్న చోట గిరాకీ లేని మంచి గుర్రం మేలు. సండే సైలెన్స్ 1989లో కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్, బ్రీడర్స్ కప్ క్లాసిక్ గెలిచింది. వెనక కాళ్ల తీరు బాగోలేదని, తల్లి కుటుంబం సాదాసీదాదని అమెరికా బ్రీడర్లు ముఖం తిప్పుకున్నారు. జపాన్‌లో షాదాయ్ స్టడ్ అధినేత జెన్యా యోషిదా కొన్నారు. 1995 నుంచి 2007 దాకా వరసగా పదమూడేళ్లు అక్కడ ఛాంపియన్ సైర్. అదేదో అదృష్టం కాదు. అప్పటికే షాదాయ్‌లో నార్తర్న్ టేస్ట్ కూతుళ్లు మందలుగా ఉన్నారు, మేటి మేర్లన్నీ దీనికే ఇచ్చారు. మేర్లు ముందు, స్టాలియన్ తర్వాత అనడం ఇందుకే. అదే జపాన్ 1996లో ఓటమి ఎరగని లామ్‌టారాకు 3 కోట్ల డాలర్లు పోసింది. యూరప్‌లో మేటి రేసులు డెర్బీ, కింగ్ జార్జ్, ఆర్క్ మూడూ గెలిచిన గుర్రం అది. స్టడ్‌లో తేలిపోయి పదేళ్లకు ఇంగ్లండ్ తిరిగి వెళ్లింది.

కోటిన్నర పరిధిలో లామ్‌టారాలు రావు కాబట్టి ఆ భయం లేదు. మీకు దొరికేవి రెండు రకాలు. ఒకటి, గ్రూప్ రేసు గెలిచి ఇంకా స్టడ్‌కు రాని నాలుగైదేళ్ల గుర్రం. రెండోది, మూడు నాలుగు క్రాపులు పరిగెత్తి మధ్యస్థంగా నిలిచిన పది పన్నెండేళ్ల స్టాలియన్. నా ఓటు రెండోదానికే, ఒక షరతు మీద. దాని పిల్లల సగటు సంపాదన సూచీ ఏఈఐ, అవే మేర్లు ఇతర స్టాలియన్లతో కన్న పిల్లల సూచీ సీఐ, రెండూ పక్కపక్కన పెట్టండి. 1.00 అంటే సగటు. ఏఈఐ 1.20, సీఐ 1.60 అంటే మంచి మేర్లను ఈ గుర్రం కిందకి లాగుతోంది. ఏఈఐ 1.15, సీఐ 0.95 అంటే సాదా మేర్లను పైకెత్తుతోంది. అంకె చిన్నదే అయినా రెండోదాన్నే తీసుకోండి. ఫోల్స్‌లో ఎన్ని ట్రాక్‌కు వచ్చాయో కూడా చూడండి. సగం పిల్లలు రేసు మొహమే చూడలేదంటే కాళ్లలోనో ఊపిరిలోనో లోపం దిగుతోందని అనుమానించాలి. మన దగ్గర ఏ రకం రాణిస్తుందో తెలియాలంటే మలక్‌పేట రేస్ బుక్‌లు రెండు సీజన్లవి ముందేసుకుని కూర్చోండి. ప్రతి గుర్రం పేరు దగ్గర సైర్, డ్యామ్ ఉంటాయి. సైర్ వారీగా ఎన్ని పరిగెత్తాయి, ఎన్ని గెలిచాయి, ఏ దూరంలో, ఏ క్లాసులో అని గీతలు గీస్తూ పొండి. ఏజెంటు నోటి మాట కన్నా ఇది వంద రెట్లు నయం.

డబ్బు చేతులు మారకముందు చేయించాల్సిన పరీక్ష గురించి ఎంత చెప్పినా తక్కువే. సిగార్ పదహారు వరస విజయాల గుర్రం. స్టడ్‌కు పోయాక దానివల్ల ఒక్క మేర్ కూడా కట్టలేదు, అంటే చూలు నిలవలేదు. 2.5 కోట్ల డాలర్లు బీమా కంపెనీ కట్టాల్సి వచ్చింది. వార్ ఎంబ్లెమ్‌ది ఇంకో రకం. సండే సైలెన్స్ తర్వాతి తరం కోసమని షాదాయ్ కొంటే దానికి మేర్ల మీద ఆసక్తే లేదు. ఒకదానిలో వీర్యం, ఇంకొకదానిలో మనసు. రెండిటినీ విడివిడిగా పరీక్షించాలి.

వారం రోజులు విశ్రాంతి ఇచ్చాక, గంట తేడాతో రెండుసార్లు వీర్యం సేకరిస్తారు. రెండోసారి వచ్చే మొత్తం కణాలు మొదటిదానిలో సగం దగ్గర ఉండాలి. మరీ తేడాగా ఉంటే మొదటి సేకరణ సరిగా జరగలేదు, లేదా గుర్రం నిల్వ తక్కువ. రెండో శాంపిల్‌లో ముందుకు ఈదే, ఆకారం సరిగా ఉన్న కణాలు కనీసం 100 కోట్లు ఉండాలి. చలనం 60 శాతం, సరైన ఆకారం 60 శాతం. వృషణాల మొత్తం వెడల్పు 8 సెంటీమీటర్లకు తగ్గకూడదు. వేడిలో ఉన్న మేర్‌ను చూపించాక ఎంతసేపటికి సిద్ధమవుతుందో గడియారం పెట్టి రాయించండి. పది నిమిషాలు దాటితే కారణం అడగాలి. జతకట్టడంతో అంటుకునే సీఈఎమ్ బాక్టీరియాకు స్వాబ్, వైరస్ జబ్బు ఈవీఏకు రక్తపరీక్ష, అది పాజిటివ్ వస్తే వీర్యంలో వైరస్ ఉందో లేదో మరో పరీక్ష. పిల్లలను చంపే ఫ్రాజైల్ ఫోల్ సిండ్రోమ్ జన్యువుకు డీఎన్ఏ పరీక్ష. గొంతు ఎండోస్కోపీ. ఇవన్నీ అమ్మేవాళ్ల డాక్టరు కాకుండా మీరు పెట్టుకున్న డాక్టరు చేయాలి. రిపోర్టు వచ్చాక మన రాజేంద్రనగర్ వెటర్నరీ యూనివర్సిటీలో పునరుత్పత్తి విభాగం తెలిసినవారితో ఒకసారి చదివించుకోండి.

ఒప్పందంలో ఫెర్టిలిటీ క్లాజ్ అడగండి. మొదటి సీజన్‌లో కవర్ చేసిన (దాటిన) మేర్లలో ఇంత శాతం కట్టాలని ఉంటుంది, మామూలుగా 60 దగ్గర. కానీ ఎనిమిది మేర్లతో ఆ శాతానికి అర్థం లేదు. మూడు ముసలి మేర్లు ఉంటే గుర్రం తప్పు లేకుండానే లెక్క తప్పుతుంది. బీమా కంపెనీ కూడా ఇన్ని మేర్లకు తక్కువ కాకూడదని పట్టుబడుతుంది. అమ్మేవాళ్లు తమకు బ్రీడింగ్ రైట్స్ ఉంచుకుంటున్నారా, మళ్లీ అమ్మితే వాటా అడుగుతారా, యాజమాన్యం ఏ నిమిషాన మారుతుంది (విమానం ఎక్కేటప్పుడా, దిగాకా), దారిలో గుర్రానికి ఏమైనా అయితే నష్టం ఎవరిది అన్నవి స్పష్టంగా రాయించుకోండి. ఆ దేశపు స్టడ్ బుక్ ఎగుమతి సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు పూణేలోని స్టడ్ బుక్ అథారిటీ ఆఫ్ ఇండియాకు చేరకపోతే దాని పిల్లలు ఇక్కడ థరోబ్రెడ్లుగా నమోదు కావు. కృత్రిమ గర్భధారణ థరోబ్రెడ్లలో ఎక్కడా చెల్లదు, కాబట్టి వీర్యం తెప్పించుకుంటే సరిపోదా అన్న ఆలోచన వద్దు.

తెప్పించే నెల చాలా ముఖ్యం. గుర్రంలో వీర్యకణం తయారు కావడానికి 57 రోజులు, బయటికి చేరడానికి మరో వారం పైన. విమాన ప్రయాణపు ఒత్తిడి, క్వారంటైన్, ఒక్క గట్టి జ్వరం, వీటిలో ఏది తగిలినా దెబ్బ కనిపించేది రెండు నెలలకు. కవరింగ్ ఫిబ్రవరి మధ్యలో మొదలవ్వాలంటే గుర్రం నవంబర్ చివరికల్లా మీ బాక్సులో ఉండాలి. జనవరిలో దించి ఫిబ్రవరిలో కవర్ చేయించి, మేర్లు కట్టలేదని గుర్రాన్ని తిట్టిపోసేవాళ్లున్నారు. మేర్లకు డిసెంబర్ మొదటి నుంచి రోజుకు పదహారు గంటల వెలుగు పెట్టండి. బాక్సులో ఏ మూలన నిలబడినా పేపరు చదవగలిగేంత ఉంటే చాలు. మే ఎండల్లోకి కవరింగ్ సాగదీయకండి.

బయటి నుంచి వచ్చిన గుర్రానికి మన పిడుదులు కొత్త. ఇక్కడ పుట్టినవి చిన్నప్పుడే పైరోప్లాస్మోసిస్‌కు తట్టుకోవడం నేర్చుకుంటాయి, ఇది నేర్చుకోలేదు. మొదటి వానాకాలం రోజూ రెండు పూటలా జ్వరం చూసి రాయమని సయీస్‌కు (గుర్రాన్ని చూసుకునే మనిషికి) చెప్పండి. చెవుల లోపల, తోక మొదట్లో, జూలు కింద వేలు పెట్టి వెతకాలి. జోరీగలతో వచ్చే సర్రా కూడా ఆ కాలపు జబ్బే. మేత విషయంలో ఒక్కటే మాట: మూసీ వెంట మురుగు నీటితో పెంచే పారాగడ్డి చవకని దీనికి వేయకండి. లూసర్న్ సొంతంగా రెండు ఎకరాల్లో వేసుకోండి. 500 కిలోల గుర్రానికి రోజుకు ఎండు లెక్కన ఏడున్నర నుంచి పది కిలోల మేత కావాలి. సీజన్ లేనప్పుడు దాణా తగ్గించకపోతే పొట్ట పెరిగి మేర్ ఎక్కడానికే బద్ధకిస్తుంది.

కాలం లెక్క కూడా వేసుకోండి. 2027 ఫిబ్రవరిలో కవర్ చేస్తే ఫోల్స్ 2028 మొదట్లో. రెండేళ్ల గుర్రాలుగా 2030 చివర్లో ట్రాక్ మీద. మలక్‌పేటలో అక్టోబర్‌లో జరిగే డెక్కన్ డెర్బీకి 2031, నాలుగేళ్ల గుర్రాల ఇండియన్ డెర్బీకి 2032 ఫిబ్రవరి. పన్నెండేళ్లప్పుడు కొన్న స్టాలియన్‌కు అప్పటికి పదిహేడు. ఈలోగా మరో మూడు క్రాపులు పుట్టేసి ఉంటాయి, మొదటిది పెద్ద రేసుల్లో ఎలా పరిగెత్తుతుందో తెలియకుండానే. ఈ మధ్య కాలపు ఖర్చు చేతిలో లేనివాళ్లు మూడో ఏట గుర్రాన్ని అయినకాడికి అమ్ముకుంటారు. దాంతో ఆ లైన్ మళ్లీ మొదటికొస్తుంది.

అందుకని నా సలహా: ఈ ఏడాది స్టాలియన్ కొనకండి. డబ్బులో కొంత పెట్టి మరో ఎనిమిది పది మేర్లు తీసుకోండి, రేసు గెలిచినవి లేదా గెలిచినవాటి అక్కచెల్లెళ్లు, పన్నెండేళ్లు దాటనివి. స్టాలియన్‌ను ఒక్కరే కొనకుండా పూణే, బెంగళూరు వైపు ఫామ్‌లవాళ్లు ముగ్గురు నలుగురితో సిండికేట్ కట్టండి. నార్తర్న్ డాన్సర్‌నే 1970లో 32 వాటాలు చేసి ఒక్కోటి 75 వేల డాలర్లకు ఇచ్చారు. వాటాదారు తన మేర్లను పంపేది ఆ గుర్రానికే, అంటే సీజన్‌కు మేర్లకు కొదవ ఉండదు. అరుదైన లైన్ నిజంగా నిలవాలన్న కోరిక మీకుంటే ఆ సిండికేట్ కాగితంలో ఒక షరతు చేర్చండి: ఈ గుర్రానికి పుట్టిన మగపిల్లల్లో మంచి తల్లివాటిని మూడేళ్లు నిండేదాకా జెల్డ్ చేయించకూడదు, గ్రేడెడ్ రేసు గెలిచిన కొడుక్కి మొదటి రెండు సీజన్లు ఒక్కో వాటాదారు రెండేసి మేర్లు ఇవ్వాలి. స్టాలియన్ కోసం చూడటం మొదలుపెట్టాక రెండు మూడు పేర్లు తేలితే మీ మేర్ల పెడిగ్రీలతో కలిపి ఇక్కడే పెట్టండి, జోడీ జోడీకి లెక్క వేసి చూద్దాం.